ఆ చెంపదెబ్బ విలువెంత?

వెండితెర మీద చెంపదెబ్బలకు కొదవేముంది! అత్త కోడల్ని కొడుతుంది. హీరో విలన్ని కొడతాడు. తండ్రి కొడుకు చెంప ఛెళ్లుమనిపించి, ఆనక పక్కగదిలోకి వెళ్లి తానే కళ్లు తుడుచుకుంటాడు. అవన్నీ చూసి, ఇంటర్వెల్లో సోడా తాగేలోపే మరిచిపోతాం. కాని 1967లో ఒక అమెరికన్ బొమ్మలో పడ్డ చెంపదెబ్బ చప్పుడు మాత్రం ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. తెరమీద అది రెండు సెకన్లు కూడా ఉండదు. దాని మీద పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాశారు. దాన్ని కొట్టిన నటుడు 2022 జనవరి 6న, 94 ఏళ్ల వయసులో కన్నుమూసినప్పుడు లోకమంతా మళ్లీ మళ్లీ తలుచుకున్నది ఆ దెబ్బనే.

ఆ నటుడు సిడ్నీ పోయిటియర్. ఆ బొమ్మ "ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్". దర్శకుడు నార్మన్ జూయిసన్.

నేనీ బొమ్మని నాలుగైదుసార్లు చూశాను. కథ తెలుసు, హంతకుడెవరో తెలుసు. అయినా ఆ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో నిటారుగా అయిపోతాను. ఒక దెబ్బకి ఇంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆరా తీస్తూ పోతే, అది ఒక్క నటుడి చేతిలోంచి వచ్చింది కాదని తెలిసింది. దాని వెనక యాభై ఏళ్ల అవమానాల లెక్క ఉంది. ఆ లెక్క ఇక్కడ కొంచెం విప్పి చూద్దాం.

ఏమిటా దృశ్యం?

మిసిసిపీ రాష్ట్రంలో స్పార్టా అనే చిన్న ఊరు. అక్కడ ఫ్యాక్టరీ పెట్టబోతున్న ఒక షావుకారు అర్ధరాత్రి నడివీధిలో శవమై కనిపిస్తాడు. రైల్వే స్టేషన్లో బండి కోసం కూచున్న ఒక నల్లజాతి మనిషి పోలీసుల కంటబడతాడు. ఒంటిమీద సూటు, జేబులో డబ్బు. ఇంకేం కావాలి? నల్లవాడి జేబులో డబ్బుంటే అది దొంగసొమ్మే అయివుండాలి కదా! గోడకి నిలబెట్టి సోదా చేసి స్టేషనుకు లాక్కుపోతారు.

తీరా చూస్తే అతను ఫిలడెల్ఫియా పోలీసు శాఖలో హత్యకేసుల నిపుణుడు. పేరు వర్జిల్ టిబ్స్. జీతం వారానికి 162 డాలర్ల 39 సెంట్లు. ఆ అంకె చెవిన పడగానే ఊరి పోలీసు అధికారి గిలెస్పీ మొహం చూడాలి! ఆ వేషం వేసిన రాడ్ స్టైగర్ అక్కడ మాటకంటే ముందు కళ్లతోనే నటించేశాడు. తన ఊళ్లో బూట్లు తుడవాల్సిన రంగువాడికి తనకంటే ఎక్కువ జీతమా అన్న ఉక్రోషం అది.

ఆ ఊళ్లో నల్లవాడు ఎంత వయసువాడైనా "బాయ్"యే. మన పల్లెల్లో ఒకప్పుడు అరవై ఏళ్ల పాలేరుని ఆసామి కొడుకు "ఒరే" అని పిలిచేవాడు చూడండి, అచ్చం అలాగే. మీ ఊళ్లో నిన్నేమని పిలుస్తారని గిలెస్పీ ఎకసెక్కంగా అడిగితే, తనని మిస్టర్ టిబ్స్ అంటారని వర్జిల్ మొహమ్మీదే చెబుతాడు. తెలుగువాళ్లకి ఈ డైలాగు అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. "గారు" అన్న రెండక్షరాలు ఎవరికి దక్కుతాయి, ఎవరికి దక్కవు అన్నది మనకి పుట్టుకతోనే తెలిసిన విద్య.

కేసు విచారణలో భాగంగా ఇద్దరూ ఎండికాట్ అనే పత్తి ఆసామి ఇంటికి వెళతారు. పూలమొక్కలు పెంచే గాజుగదిలో ఉంటాడు ఆసామి. మర్యాదగానే మాట్లాడతాడు. నిమ్మరసం తెప్పిస్తాడు. ఆర్కిడ్ మొక్కల గురించి చెబుతూ, నల్లవాళ్లలాగే వీటిని కూడా ఓపికగా సాకాలని చమత్కరిస్తాడు. ఎదురుగా ఉన్న నల్లవాడు తనని అనుమానితుడిగా ప్రశ్నిస్తున్నాడని తెలిసేసరికి ఆ మర్యాద ఎగిరిపోతుంది. చెయ్యెత్తి టిబ్స్ చెంప మీద కొడతాడు.

మరుక్షణం టిబ్స్ చెయ్యి లేస్తుంది. ఆసామి చెంప ఛెళ్లుమంటుంది.

మధ్యలో ఆలోచన లేదు, సంగీతం లేదు, డైలాగు లేదు. నిమ్మరసం పళ్లెం పట్టుకున్న నల్లజాతి ముసలి నౌకరు అలాగే నిలబడిపోతాడు. ఏం చేస్తావని ఎండికాట్ పోలీసు అధికారిని అడిగితే, ఏమో తెలీదంటాడు గిలెస్పీ. ఒకప్పుడైతే నిన్ను కాల్పించి ఉండేవాణ్ణి అంటాడు ఆసామి. వాళ్లు వెళ్లిపోయాక ఒంటరిగా కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఆ ఏడుపు చెంప నొప్పికి కాదు. తన కాలం చెల్లిపోయిందని అప్పుడే తెలిసొచ్చింది పాపం!

"ఒకప్పుడైతే" అన్న ఆ మాట ఉత్త సినిమా డైలాగు కాదు. 1955లో ఇదే మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి కుర్రాణ్ణి ఒక తెల్లావిడతో చనువుగా ప్రవర్తించాడన్న నెపంతో ఘోరంగా చంపారు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఆ హంతకుల్ని నిర్దోషులని వదిలేసింది. ఇది జరిగిన పన్నెండేళ్లకే తెరమీద ఒక నల్లవాడు తెల్లదొరని కొట్టి, ప్రాణాలతో తలుపు దాటి బయటికి నడిచాడు. హాల్లో కూచున్నవాళ్లకి ఊపిరాడకపోవడంలో ఆశ్చర్యమేముంది?

దెబ్బకు ముందు యాభై ఏళ్లు

అమెరికాలో నల్లవాళ్ల విషయంలో సినిమా మొదటినుంచీ అమాయకురాలు కాదు. 1915లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన "ది బర్త్ ఆఫ్ ఎ నేషన్" సినిమా కళకే పాఠ్యపుస్తకం అంటారు. ఎడిటింగులో, చిత్రీకరణలో అది నేర్పిన పాఠాలు నిజమే. దానితోపాటు నేర్పిన విషం కూడా అంతే నిజం. అందులో ముఖ్యమైన నల్లపాత్రలు వేసింది మొహానికి మసి పూసుకున్న తెల్లనటులు. ముసుగులు వేసుకుని నల్లవాళ్లని హింసించే కూ క్లక్స్ క్లాన్ దండు అందులో హీరోలు! సాక్షాత్తూ అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఉండే శ్వేతసౌధంలోనే ఆ బొమ్మ ప్రదర్శన జరిగింది. ఆ ఏడే చచ్చి పడివున్న క్లాన్ దండు మళ్లీ లేచి కూచుంది. నల్లవాళ్ల సంఘాలు హాళ్ల ముందు నిరసనలు చేశాయి, నిషేధించమని అర్జీలు పెట్టాయి. ఆస్కార్ మిషో అనే నల్లజాతి దర్శకుడు 1920లో "విదిన్ అవర్ గేట్స్" తీసి, అసలు ఎవరు ఎవర్ని హింసిస్తున్నారో చూపించాడు. కాని అతని చేతిలో ఎన్ని హాళ్లున్నాయి? గ్రిఫిత్ చేతిలో ఎన్ని ఉన్నాయి?

తర్వాత హాటీ మెక్‌డానియెల్. "గాన్ విత్ ది విండ్"లో మామీ అనే దాసి వేషం వేసిన ఆవిడ, నల్లవాళ్లలో తొలి ఆస్కార్ విజేత. 1939 డిసెంబరులో అట్లాంటాలో ఆ బొమ్మ తొలి ప్రదర్శన జరిగితే, నల్లవాళ్లు తెల్లవాళ్లతో కూచోకూడదన్న అక్కడి చట్టం వల్ల ఆవిడ వెళ్లలేకపోయింది. 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ విందు జరిగిన అంబాసిడర్ హోటల్లో నల్లవాళ్లకి ప్రవేశం లేదు. నిర్మాత పలుకుబడితో లోపలికి రానిచ్చారు గాని, తోటి నటీనటుల బల్ల దగ్గర కాదు. గోడవారగా వేరే బల్ల వేశారు. అక్కణ్ణుంచి లేచి వెళ్లి బహుమతి అందుకుంది మహాతల్లి.

జీవితమంతా దాసి వేషాలే వేసిందని ఆవిణ్ణి సొంతవాళ్లే తిట్టారు. సినిమాలో దాసి వేషానికి వారానికి 700 డాలర్లు, నిజంగా దాసీపని చేస్తే 7 డాలర్లు, నన్నేం చెయ్యమంటారని ఆవిడ జవాబిచ్చిందని చెప్పుకుంటారు. ఈ మాట అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. లాస్ ఏంజెలెస్‌లో షుగర్ హిల్ అనే పేటలో నల్లవాళ్లు ఇళ్లు కొనుక్కుంటే, వాళ్లని ఖాళీ చేయించాలని కొందరు తెల్లవాళ్లు కోర్టుకెక్కారు. ఆ కేసులో ఎదురు నిలబడి 1945లో గెలిచిన ఇంటివాళ్లలో హాటీ ముఖ్యురాలు. తెరమీద తలవంచిన ఆవిడ కోర్టులో తలెత్తింది. స్టూడియో ఆమెకి ఇవ్వని వేషాన్ని ఆమె జీవితం ఇచ్చిందన్నమాట.

ఇక లీనా హోర్న్. అందం, గొంతు రెండూ ఉన్న గాయని. 1942లో ఎం.జి.ఎం. సంస్థ కాంట్రాక్టు ఇచ్చింది. చాలా బొమ్మల్లో ఆమెకి కథతో సంబంధం లేకుండా ఒక పాట పెట్టేవారు. స్తంభానికి ఆనుకుని పాడుతుంది, వెళ్లిపోతుంది. ఎందుకో తెలుసా? దక్షిణాది రాష్ట్రాలకు పంపే ప్రింట్లలోంచి ఆ రీలుముక్క కత్తిరించేసినా కథకి నష్టం రాకుండా! కత్తెర ఎక్కడ పడాలో ముందే లెక్కవేసి పాట తీసేవారన్నమాట. ఈ కత్తెర సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి. మన చెంపదెబ్బ కథలో మళ్లీ వస్తుంది.

రైలు దిగిన హీరో

పోయిటియర్ తల్లిదండ్రులు బహామా దీవుల్లో టమాటాలు పండించే రైతులు. సరుకు అమ్ముకోవడానికి మయామీ వచ్చినప్పుడు, 1927 ఫిబ్రవరి 20న నెలలు నిండకుండానే పుట్టాడు. న్యూయార్కు చేరి హోటళ్లలో అంట్లు తోమాడు. చదువు అంతంత మాత్రం. తోటి పనివాడైన ఒక యూదు వృద్ధుడు రాత్రిళ్లు పేపరు చదివించి అక్షరాలు నేర్పాడు. నాటక సంస్థవాళ్లు అతని యాస విని పొమ్మంటే, ఊడ్చే పని చేస్తాను, నటన నేర్పండని బతిమాలుకున్నాడు. అలా ఎదిగినవాడు.

1958లో "ది డిఫయంట్ ఒన్స్" వచ్చింది. ఒకే సంకెలకి కట్టిన ఇద్దరు ఖైదీలు, నల్లవాడొకడు, తెల్లవాడొకడు. పారిపోతారు. చివర్లో నల్లవాడు రైలెక్కుతాడు. తెల్లవాడు అందుకోలేక పడిపోతాడు. అతని కోసం నల్లవాడు కూడా రైల్లోంచి కిందికి దూకేస్తాడు. తెల్లప్రేక్షకులకి గుండె నిండిపోయింది. హార్లెం హాళ్లలో మాత్రం, ఒరే తెలివితక్కువవాడా, మళ్లీ రైలెక్కరా అని జనం తెరమీదికి అరిచారట! రచయిత జేమ్స్ బాల్డ్విన్ ఈ సంగతి రాశాడు. ఒకే బొమ్మ, ఒకే దృశ్యం. ఒక హాల్లో కన్నీళ్లు, ఇంకో హాల్లో కేకలు. తెల్లప్రేక్షకుడు చూసింది క్షమాగుణాన్ని. నల్లప్రేక్షకుడు చూసింది చేజారిన రైలుని.

1964లో "లిలీస్ ఆఫ్ ది ఫీల్డ్" బొమ్మకి పోయిటియర్ ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్నాడు. ఆ బహుమతి పొందిన తొలి నల్లజాతి నటుడు అతనే. అందులో సన్యాసినులకి గుడి కట్టిపెట్టి, తన దారిన తాను పోయే మంచివాడి వేషం. గమనించండి, మళ్లీ ఎవరికోసమో పాటుపడే వేషమే.

కాగితం మీద రాయించుకున్న పౌరుషం

"ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్" నాటికి పోయిటియర్ చేతిలో ఇంతకుముందు ఎవరికీ లేనిది ఒకటుంది: బేరమాడే శక్తి. తన పేరు మీద టిక్కెట్లు తెగుతాయి. తెల్లవాడు కొడితే పడి ఊరుకునే వేషం వెయ్యనని, తిరిగి కొట్టాలని, ప్రపంచంలో ఎక్కడ ఆడే ప్రింటులోనూ ఆ దెబ్బ కత్తిరించకూడదని పట్టుబట్టానని అతను ఆత్మకథలో రాసుకున్నాడు. రచయిత స్టర్లింగ్ సిలిఫాంట్ స్క్రిప్టులోనే ఆ ఎదురుదెబ్బ ముందే ఉందని సినిమా చరిత్రకారులు తర్వాత చూపించారు. ఆ ఆలోచన మొదట ఎవరిదన్న పోటీ నాకంత ముఖ్యం కాదు. ప్రింటులో కత్తెర పడకూడదన్న ఆ పట్టుదల ముఖ్యం. లీనా హోర్న్ పాటలు ఏ కత్తెరకి బలయ్యాయో, ఆ కత్తెరకి అడ్డం పడ్డ మాట అది!

నిర్మాత వాల్టర్ మిరిష్ కూడా లెక్కలు తెలిసిన మనిషి. సుమారు 20 లక్షల డాలర్లలో బొమ్మ ముగిస్తే, దక్షిణాదిలో ఒక్క హాల్లో ఆడకపోయినా డబ్బు తిరిగి వస్తుందని పంపిణీ సంస్థకి నచ్చజెప్పాడు. ఇన్నాళ్లూ ప్రతి కథనీ భయపెట్టిన మాట ఒక్కటే: "దక్షిణాదిలో ఆడదు." ఆ భయం ఖరీదు ఎంతో లెక్కగట్టి, అంతమేరకి ఖర్చు తగ్గిస్తే భయం పోయింది. ధైర్యం ఊరికే రాదండీ, బడ్జెట్టులోంచి కూడా వస్తుంది.

దిండు కింద తుపాకి

కథ జరిగేది మిసిసిపీలో. పోయిటియర్ మాత్రం దక్షిణాదికి రానన్నాడు. కారణం ఉంది. 1964లో ఓటుహక్కు ఉద్యమం నడుపుతున్న యువకులకి ఇవ్వడానికి, అతనూ గాయకుడు హారీ బెలాఫాంటే కలిసి 70,000 డాలర్ల నగదుతో మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ వెళ్లారు. రాత్రిపూట క్లాన్ మనుషులు బండితో వెంటపడి గుద్దించబోయారు. ప్రాణాలరచేతిలో పెట్టుకుని బయటపడ్డారు. ఆ ఏడు జూన్‌లోనే ముగ్గురు ఉద్యమ యువకుల్ని అదే రాష్ట్రంలో చంపేశారు.

అందుకని జూయిసన్ ఉత్తరాన ఇల్లినాయ్ రాష్ట్రంలో స్పార్టా అనే ఊరు వెతికి పట్టుకున్నాడు. ఊళ్లోని బోర్డులు మార్చక్కర్లేకుండా కథలోని ఊరికీ అదే పేరు పెట్టారు. పత్తిచేల దృశ్యాలకి మాత్రం దక్షిణాది తప్పలేదు. టెనెసీలోని డయర్స్‌బర్గ్‌కి కొద్దిరోజుల కోసం వెళ్లారు. అక్కడి హోటల్లో పోయిటియర్ దిండు కింద తుపాకి పెట్టుకుని పడుకున్నాడు. బెదిరింపులు ఎక్కువవడంతో పని త్వరగా ముగించుకుని వచ్చేశారు. ఆలోచించండి, ఆస్కార్ పొందిన నటుడు, తన దేశంలో, తన సినిమా షూటింగులో! పక్కగదిలో ఉన్న తెల్లనటుడికి ఆ తుపాకి అవసరం లేకపోయింది. పుట్టుకతో వచ్చే ఆధిక్యం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను పెద్ద పెద్ద మాటలు చెప్పను. రాత్రి నిద్రపోయే ముందు దిండు కింద ఏం పెట్టుకోవాలో ఆలోచించనక్కర్లేకపోవడమే అది.

ఇంకో విచిత్రం. ఈ ఆధిక్యం మనుషుల్లోనే కాదు, ఫిల్ములోనూ ఉండేది. రంగుల ఫొటోల నాణ్యత సరిచూడటానికి కొడాక్ సంస్థ లాబొరేటరీలకి పంపే నమూనా చిత్రం ఒకటుండేది. "షర్లీ కార్డు" అనేవారు. దానిమీద ఉండేది తెల్లమ్మాయి. ఆమె చర్మం సరిగ్గా వస్తే ఫొటో సరిగ్గా వచ్చినట్టే లెక్క. మరి నల్లమొహం? చీకట్లో కలిసిపోతే అది మొహం తప్పన్నట్టు ఉండేది వ్యవహారం. ఈ బొమ్మ ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ పోయిటియర్ చర్మానికి తగ్గట్టు లైటింగు మార్చాడు. మామూలుగా వాడే వెలుతురు నల్లచర్మం మీద మరీ మెరుస్తుందని తగ్గించాడు. టిబ్స్ కళ్లలో కోపం మనకి అంత స్పష్టంగా కనిపించడంలో ఆ లైట్ల పాత్ర తక్కువ కాదు.

హాల్లో రెండు చప్పుళ్లు

1967 జూలైలో డెట్రాయిట్ తగలబడింది. 43 మంది చనిపోయారు. ఆగస్టులో ఈ బొమ్మ విడుదలైంది. న్యూయార్కులో కాపిటల్ థియేటర్లో పోయిటియర్, స్టైగర్ ఇద్దరూ వెనక నిలబడి జనాన్ని చూసేవారట. దెబ్బ పడగానే నల్లవాళ్లు కేరింతలు, తెల్లవాళ్లు అమ్మో అనడం! ఏ చప్పుడు ఎంతుందో విని, హాల్లో ఎవరెంతమంది ఉన్నారో లెక్క కట్టేవారట ఇద్దరూ. 1958లో రైలెక్కమని అరిచిన ప్రేక్షకుడికి తొమ్మిదేళ్లకి జవాబు దొరికింది.

ఆస్కార్ ఉత్సవం 1968 ఏప్రిల్ 8న జరగాలి. ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. అంత్యక్రియలకు ముందు పండగేమిటని పోయిటియర్ సహా కొందరు కళాకారులు రామనడంతో ఉత్సవం ఏప్రిల్ 10కి మారింది. ఆ రాత్రి ఈ బొమ్మకి అయిదు ఆస్కార్లు వచ్చాయి. ఉత్తమ చిత్రం అదే. ఉత్తమ నటుడు... రాడ్ స్టైగర్! పోయిటియర్‌కి కనీసం నామినేషన్ కూడా లేదు.

స్టైగర్ గొప్పగా నటించాడు, కాదనను. వేదికమీద పోయిటియర్ స్నేహానికి కృతజ్ఞతలు చెప్పి, ఉద్యమ నినాదంతో ప్రసంగం ముగించాడు. మనసున్న మనిషి. కాని నా బాధ వేరు. కథలో మారినవాడు గిలెస్పీ. మొదట దురహంకారి, చివరికి మనిషి అవుతాడు. నటుడికి అంతకన్నా ఏం కావాలి? టిబ్స్ మొదట్లోనే తెలివైనవాడు, చివర్లోనూ అంతే. మారడానికి అతనిలో తప్పేమీ మిగల్చలేదు రచయిత. కాస్త అసహ్యంగా ఉండి, కాస్త మారి, చప్పట్లు కొట్టించుకునే వెసులుబాటు తెల్లపాత్రకే దక్కింది.

మంచివాడుగా ఉండే శిక్ష

అదే ఏడు పోయిటియర్ బొమ్మలు మరో రెండు వచ్చాయి. "టు సర్, విత్ లవ్"లో అల్లరి పిల్లల్ని దారిలో పెట్టే మాస్టారు. "గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్"లో తెల్లమ్మాయిని పెళ్లాడబోయే డాక్టరు. ఉత్త డాక్టరు కాదు, ప్రపంచ ప్రసిద్ధుడు! పైగా అమ్మాయి తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే పెళ్లి మానుకుంటానంటాడు. 1967 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి పెళ్లిళ్ల మీద 16 రాష్ట్రాల్లో ఉన్న నిషేధాన్ని కొట్టేసింది. కోర్టు అడిగింది ఇద్దరి ఇష్టం. సినిమా అడిగింది మచ్చలేని జాతకం. మామూలు తెల్లకుర్రాడు ప్రేమిస్తే చాలు. నల్లవాడు ప్రేమించాలంటే పేరుమోసిన డాక్టరై ఉండాలి.

1967 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో క్లిఫర్డ్ మేసన్ అనే నల్లజాతి నాటక రచయిత ఇదే ప్రశ్న వేశాడు: తెల్ల అమెరికాకి పోయిటియర్ అంటే ఎందుకంత ప్రేమ? తెల్లవాళ్లని నొప్పించని బొమ్మగా మారిపోయాడని దులిపేశాడు. పోయిటియర్ చాలా బాధపడ్డాడు. ఇద్దరి వైపూ న్యాయం ఉందనే నాకనిపిస్తుంది. ఒక్కడి భుజాల మీద జాతి మొత్తాన్ని మోయిస్తే, ఆ ఒక్కడు నవ్వినా తప్పే, నవ్వకపోయినా తప్పే. తెల్లనటుడు దొంగ వేషం వేస్తే, తెల్లవాళ్లంతా దొంగలని ఎవరూ అనుకోరు కదా! 1968లో అమెరికాలో టిక్కెట్లు తెంపే తారల్లో మొదటి స్థానం పోయిటియర్‌దే. అంత ఎత్తున ఉన్నవాడికీ చెడ్డవాడిగా నటించే స్వేచ్ఛ లేదు.

తర్వాత అతను మెగాఫోన్ పట్టాడు. 1972లో "బక్ అండ్ ది ప్రీచర్"తో దర్శకుడయ్యాడు. 1980లో తీసిన "స్టిర్ క్రేజీ" అమెరికాలోనే 10 కోట్ల డాలర్లు దాటింది. నల్లజాతి దర్శకుడి బొమ్మ అంత వసూలు చేయడం అదే మొదలు. బేరం ఎక్కడ జరుగుతుందో అక్కడికే వెళ్లి కూచున్నాడన్నమాట.

ముప్పై ఎనిమిదేళ్లు

ఉత్తమ నటుడి ఆస్కార్ మళ్లీ ఒక నల్లజాతి నటుడికి రావడానికి 2002 దాకా ఆగాల్సి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లు! ఆ రాత్రే పోయిటియర్‌కి గౌరవ ఆస్కార్ ఇచ్చారు. అదే రాత్రి హాలీ బెర్రీ ఉత్తమ నటి అయింది. డెంజెల్ వాషింగ్టన్ బహుమతి అందుకుని, నలభై ఏళ్లుగా సిడ్నీ వెనక పరుగెడుతున్నానని నవ్వాడు. "ట్రెయినింగ్ డే"లో డెంజెల్ వేసింది లంచగొండి పోలీసు వేషం. పోయిటియర్ గుడి కట్టి గెలిచాడు, డెంజెల్ దుర్మార్గుడై గెలిచాడు. నల్లవాళ్లని మళ్లీ చెడ్డగా చూపినందుకే బహుమతిచ్చారని కొందరు గొణిగారు. నేనైతే అది ముందడుగే అంటాను. మచ్చలేని మంచివాడికే కాదు, మామూలు పాపాత్ముడికీ తెరమీద చోటు దొరకడమే సమానత్వం.

అంతటితో కథ సుఖాంతమైందనుకునేరు! 2015లోనూ, 2016లోనూ నటనకిచ్చే 20 నామినేషన్లు ఇరవైకి ఇరవై తెల్లవాళ్లకే వెళ్లాయి. జనం మళ్లీ గోల చేశారు. అకాడమీ 2016 జనవరిలో తన సభ్యుల్లో స్త్రీల సంఖ్యని, తెల్లేతరుల సంఖ్యని రెట్టింపు చేస్తానని మాటిచ్చింది. ఓటు వేసేవాళ్లు మారకుండా తీర్పు మారదని అప్పటికి అర్థమైంది వాళ్లకి.

పళ్లెం పట్టుకున్న మనిషి

ముగించే ముందు మళ్లీ ఆ గాజుగదిలోకి ఒక్కసారి రండి. అక్కడ ఇద్దరి మధ్య పళ్లెం పట్టుకుని నిలబడ్డ ముసలి నౌకరు గుర్తున్నాడా? ఆయన పేరు జెస్టర్ హెయిర్‌స్టన్. 1901లో పుట్టాడు. బానిసల మనవడు. జూలియార్డ్‌లో సంగీతం చదివిన విద్వాంసుడు, బృందగానాలు నడిపిన పెద్ద కళాకారుడు. "లిలీస్ ఆఫ్ ది ఫీల్డ్"లో పోయిటియర్ సన్యాసినులకి నేర్పే పాట ఉంది చూడండి, దాన్ని కూర్చింది ఈయనే. తెరమీద పెదవులు కదిపింది పోయిటియర్, గొంతు హెయిర్‌స్టన్‌ది. మన భాషలో చెప్పాలంటే ప్లేబ్యాక్!

అంతటి విద్వాంసుడికి హాలీవుడ్ ఏళ్ల తరబడి ఇచ్చినవి నౌకరు వేషాలు, టార్జాన్ బొమ్మల్లో అడవిమనిషి వేషాలు. అలాంటివి ఎందుకు వేశారని తర్వాతి తరంవాళ్లు అడిగితే, మా చేతిలో ఏ బలమూ లేదు, భరించాం, మేం భరించాం కాబట్టే ఈనాటి పిల్లలకి అవకాశాలొచ్చాయి అన్న అర్థం వచ్చేలా చెప్పాడాయన. 2000 సంవత్సరంలో, 98 ఏళ్ల వయసులో పోయాడు.

ఈసారి ఆ బొమ్మ దొరికితే చూడండి. దెబ్బ పడగానే అందరి కళ్లూ పోయిటియర్ మీదికే పోతాయి. మీరు మాత్రం ఆ ముసలాయన్ని చూడండి. ఆయన చేతిలో పళ్లెం ఉంది, నోట మాట లేదు. పోయిటియర్ చెయ్యి అంత తేలిగ్గా లేవడానికి, అలాంటి చేతులు ఎన్ని ఏళ్లపాటు పళ్లెం మోశాయో ఆ ఒక్క షాట్‌లో కనిపిస్తుంది.